సిస్టర్ ఫారంలో ఖాళీగా ఉన్న గడి

కొత్తకోటలో నా కాలి పుండుకు కట్టు కట్టే నర్సు మరియమ్మ ఈ రోజు పొద్దున ఒక సంగతి చెప్పింది. హైదరాబాద్‌లో ఓ పెద్ద దవాఖానకు దరఖాస్తు పెడుతోందట. ఫారంలో ఒక గడిలో, ఇప్పుడు తను పనిచేస్తున్న డాక్టరు ఫోన్ నంబరు అడిగారు; దాన్ని ఖాళీగా ఉంచింది. రాస్తే వాళ్లు ఈయనకు ఫోన్ చేస్తారు. అక్కడ పని దొరక్కముందే ఇక్కడిది పోతుంది.

"జర ఎవ్వరికి చెప్పకు తాతా," అంది.

నేను చెప్పే మనిషినా? నలభై ఏళ్లు సైకిల్ మీద ఊరూరా గాజులు అమ్మినవాణ్ణి. ఎన్ని ఇళ్ల గుట్లు కడుపులో దాచుకున్నానో! అంతలో డాక్టరు వచ్చి, పుండు బాగా మానుతోందన్నాడు. సంతోషం పట్టలేకపోయాను.

"అంత గీ బిడ్డ చెయ్యి సారూ. ఈమె పోయినంక నా కాలెవరు చూస్తరో!"

"యాడికి పోతది?" అన్నాడాయన.

నోరు జారానని అప్పుడు తెలిసింది నాకు. మరియమ్మే తలెత్తింది.

"హైదరాబాద్‌ల అప్లై చేస్తున్న సార్. వాళ్లు ఫోన్ చేస్తే, నా పని ఎట్లుంటదో గదే చెప్పుండ్రి."

"చూద్దాం," అని ఆయన వెళ్లిపోయాడు. ఆ మాటకు అర్థం ఏమిటో ఆమెకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. ఆమె మిగిలిన కట్టు కట్టింది. నా మీద కోపంతో ఒక్క చుట్టు కూడా గట్టిగా బిగించలేదు.

అలాంటి గడి మీరెలా నింపారో, నర్సు పని చేసే బిడ్డలెవరైనా చెప్పండి. ఎల్లుండి మళ్లీ కట్టుకు వెళ్లాలి. ఈసారైనా నా నోటి నుంచి ఆమెకు పనికొచ్చే మాట ఒక్కటి రావాలి.