నానమ్మ మీదికి వచ్చిన సముద్రం

నా చిన్నప్పుడు, జహీరాబాద్‌లోని మా సంఘం మొత్తంలో సముద్రాన్ని చూసింది మా పాస్టరు అయ్యగారు ఒక్కరే. మిగతా వాళ్లకు నీళ్లంటే బావి, లేదంటే వాన.

ఆ ఏడు మా పెద్దక్కకు సముద్రం ఒడ్డున ఉన్న ఒక మిషన్ దవాఖానలో నర్సు చదువుకు సీటు వచ్చింది. ఆ వారమే గుడిలో ప్రార్థన కూడికలకు వచ్చిన ప్రసంగీకుడు కడవరి దినాల గురించి చెబుతూ, సముద్రం అడుగున భూమి కంపిస్తే ఉప్పెన లేచి ఊళ్లను మింగుతుందన్నాడు. ఇక మా నానమ్మ అక్కను పంపేది లేదంది. అక్క అన్నం మానేసింది. నానమ్మ దాన్ని ఉపవాస ప్రార్థన అనుకుని మెచ్చుకుంది.

మర్నాడు వాన వెలిశాక మా ప్రార్థన గుడికి వెళ్లాం. కూడికల కోసం తాటిపత్రితో, అంటే టార్పాలిన్ గుడ్డతో, వేసిన పందిరి మధ్యలో కుంగి, పైన నిండా నీళ్లు నిలిచాయి. అక్క సంగతి విన్న అయ్యగారు నానమ్మను ఎత్తైన గుడి అరుగు మీద, నడుము దాకా వచ్చే పందిరి అంచు పక్కనే నిలబెట్టారు. గాలికి నీళ్ల మీద సన్నని అలలు లేస్తున్నాయి. గాలి నీటి పైపొరనే కదుపుతుందని, అడుగున నేల లేస్తే దాని మీది నీరంతా లేచి నాలుగు దిక్కులా పరిగెత్తుతుందని చెబుతూ, వెదురు కర్ర పట్టుకుని పందిరి కిందికి వెళ్లారు. తాటిపత్రిని కర్రతో కొంచెం ఎత్తి, మెల్లగా దించారు. అంచు దాకా వచ్చిన నీళ్లు వెనక్కి పోయాయి. ఎటు పోయాయోనని నానమ్మ వంగి చూసింది. అప్పుడే అయ్యగారు కింది నుంచి ఒక్క పోటు పొడిచారు, నీళ్లన్నీ లేచి నానమ్మ మీద పడ్డాయి.

ఆ పని ఇంకెవరైనా చేసి ఉంటే ఆ రోజు నానమ్మ చేతిలో బతికేవారు కాదు. అయ్యగారు కాబట్టి నానమ్మ కొంగు పిండుకుంటూ ఊరుకుంది.

"అవ్వా, నీళ్లు ఎన్కకు పోతె నువ్వేం జేసినవ్?" అని అడిగారాయన.

"సూడవోయిన."

"గట్ల సూడవోవద్దు. కొన్నిసార్లు ఉప్పెన ముందుగాల గట్లనే ఎన్కకు పోతది. ఎత్తుకు ఉరకాలె. నీ మనుమరాలికి గదే నేర్పి తోలు."

 నానమ్మ అక్కను దగ్గరకు పిలిచింది.

"పోతె పో బిడ్డా. గని సముద్రం ఎన్కకు పోయిందంటె నువ్వు గాడ ఉండకు. మిద్దె ఎక్కు."

అక్క నర్సయింది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా నానమ్మ అడిగే మొదటి మాట అక్క ఆరోగ్యం గురించి కాదు. "సముద్రం ఉన్నకాడనే ఉన్నదా?" అనేది.

ఇప్పుడు నాకూ నానమ్మ వయసు వచ్చింది. నా మనసులోంచి ప్రార్థన వెనక్కి పోయి, లోపల అంతా పొడిగా, నిశ్శబ్దంగా అనిపించే రోజులు ఉంటాయి. అలాంటప్పుడు వంగి వింత చూస్తూ నిలబడను, వెంటనే ఎత్తుకు పోతాను. నాకు తెలిసిన ఎత్తు మోకాళ్ల మీద ఉంది.

వానాకాలం పెళ్లిళ్లలో మాత్రం పందిరి అంచున కూర్చోను.