లాక్కో కార్డు

ఆ ఆట మొత్తంలో నాదంటూ ఉన్నది ఒక్క కార్డే. ఇంజినీరింగ్‌లో గ్రూప్ ప్రాజెక్టుగా రొయ్యల సాగు మీద కార్డుల ఆట తయారు చేస్తున్నాం. చెరువు, మేత, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్, వైరస్ కార్డులన్నీ మిగతావాళ్ల ఆలోచనలే. లాక్కో కార్డు మాత్రం నాది. అది పడినవాళ్లు ఎదుటివాళ్ల ముందున్న కార్డుల్లో నచ్చింది తీసేసుకోవచ్చు. అది లేకపోతే ఆట చప్పగా ఉంటుందని రోజూ గ్రూపుతో పోట్లాడేదాన్ని. బయటివాళ్లతో ఆడించి చూడండి, వాళ్లు వాడకపోతే తీసేయండి అని తేల్చేశారు మా సార్.

అందుకని భీమవరం దగ్గర, మా గ్రూపులోని అమ్మాయి వాళ్లింటికి వెళ్లాం. నిజంగా రొయ్యలు పెంచేవాళ్లు కాబట్టి మొహమాటం లేకుండా తప్పులు ఎత్తిచూపుతారని నా ఆశ. ముందు భోజనాలు పెట్టారు. వద్దన్నకొద్దీ వడ్డించారు. తర్వాత వాళ్ల నాన్నగారు, బాబాయిగారు మాతో కూర్చుంటే ముక్కలు పంచాం.

లాక్కో కార్డు పడిన ప్రతిసారీ నాన్నగారు దాన్ని మెల్లగా పక్కన పెట్టేసేవారు.

"ఇంటికొచ్చినవాళ్ల దగ్గర లాక్కుంటే ఏం బాగుంటుందండి," అన్నారు.

లాక్కోవడమే ఆటని బతిమాలాను. ఆయ్ అంటూ తలూపి, తన చెరువు కార్డే ఒకటి నా వైపు జరిపారు. బాబాయిగారిదీ అదే వరస. మావాళ్లు నన్ను చూసి ముసిముసిగా నవ్వుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎలా ఉందండీ అని అడిగితే చాలా బాగుందంటారు, ఏం బాగుందో చెప్పరు. అంత మర్యాదలో ఏ ఆట బతుకుతుంది?

ఆఖరి ఆటలో ఆ కార్డు బాబాయిగారికి పడింది. ఈసారి ఆయన పక్కన పెట్టలేదు. చెయ్యి చాపి, అన్నగారి ముందున్న పెద్ద చెరువు కార్డు తీసుకున్నారు. నేను సంబరంగా చప్పట్లు కొట్టాను.

"ఇది ఎప్పుడో నాకు రావాల్సిందే కదన్నయ్యా," అన్నారాయన. ముఖంలో నవ్వు లేదు.

నాన్నగారు తన ముక్కలు బోర్లించి, మాకు కాఫీలు పెట్టమని లోపలికి చెప్పి, బయటికి వెళ్లిపోయారు. కాఫీలు వచ్చినా ఆయన రాలేదు.

బయల్దేరేటప్పుడు గేటు దగ్గర ఆ అమ్మాయి చెప్పింది. పంపకాల్లో కాలువ పక్క చెరువు వాళ్ల నాన్నకి వచ్చిన దగ్గర్నుంచి అన్నదమ్ములకి మాటల్లేవట. ఆట వంకతోనైనా కలుస్తారని తనే ఇద్దర్నీ కూర్చోబెట్టిందట. ఆ కార్డు తీసెయ్యవే అంది. ఆ రాత్రే దాన్ని కట్టలోంచి తీసేశాను.

ప్రాజెక్టు చూపించిన రోజు సార్ ఆ కార్డేదని అడిగారు. ఎవరూ వాడలేదు సార్ అంది ఆ అమ్మాయి, నా వైపు చూడకుండా. చూశావా అన్నట్టు సార్ నా వైపు తిరిగారు. మా ఆటని ఎవరైనా నిజంగా ఆడింది ఆ ఒక్కసారే, అదీ నా కార్డుతోనే. ఉక్రోషంతో చెవులు వేడెక్కాయి.

"అవును సార్," అన్నాను. "ఎవరూ వాడలేదు."