అత్తయ్య దోమతెర

మొన్న మా అమ్మాయి ఒక దోమతెర తెచ్చింది. మడత విప్పగానే మంచం మీద గుడారంలా నిలబడింది. "చలికాలం వచ్చేసిందమ్మా, ఇక దోమలతో వేగలేవు, ఇందులో పడుకో" అంది. పటమట దోమల సంగతి నాకు చెప్పాలా! తరతరాలుగా నా రక్తం తాగి బతికిన వంశాలవి. జిప్పు తీశానే గానీ లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు. మా మేనత్త గుర్తొచ్చింది. ఆవిడ తన తెరలోకి మమ్మల్నెవర్నీ రానిచ్చేది కాదు.

డెబ్బైల నాటి మాట. అప్పటికి పటమట సగం ఊరు, సగం పొలం. మా పెంకుటింటి ముందే మురుక్కాలవ. వానలు వెలిసి చలి మొదలై, కాలవలో నీళ్ళు కదలడం మానేశాయంటే చాలు, సాయంత్రానికి దోమలు ఇంటిమీద దండెత్తేవి. అత్తయ్య మా నాన్నకి అక్క. భర్త పోయాక మా దగ్గరే ఉండేది, చేతిమిషన్ మీద జాకెట్లు కుట్టేది. కాలితో తొక్కే మిషన్ ఆవిడ వల్ల కాదు. ఎడమకాలు బోదకాలు. ఆ రోజుల్లో మా డెల్టాలో అది కనపడని ఊరు లేదు. పాదం దాచుకోవడానికి కుచ్చిళ్ళు నేల మీద జీరాడేలా కట్టుకునేది. దోమలంటే ఆవిడకి పగ. కొబ్బరి చిప్ప వెల్లకిలా కనిపిస్తే బోర్లించేది, ఇంట్లోకే చాలని కిరసనాయిల్లోంచి గరిటెడు తీసి మురుక్కాలవలో పోసేది. పొద్దు వాలగానే తలుపులన్నీ మూసి వేపాకు పొగ పెట్టేది. ఆ పొగకి మేం దగ్గుకుంటూ వీధిలోకి పరిగెత్తేవాళ్ళం, దోమలు మాత్రం ఇంట్లోనే ఉండేవి.

ఇంట్లో ఉన్నది ఒక్కటే దోమతెర. అది అత్తయ్యది, తను కుట్టుకున్నది. దీపాలు పెట్టకముందే రెండు ముద్దలు తిని అందులో దూరేది, తెల్లారేదాకా బయటికొచ్చేది కాదు. డిసెంబరు వచ్చిందంటే నాన్న మా నలుగురు పిల్లల్నీ వరండాలో కూర్చోబెట్టి క్రిస్మస్ పాటలు నేర్పేవాడు. మా చర్చిలో అత్తయ్య గొంతును మించిన గొంతు లేదు. ఆ గొంతు మాత్రం గదిలోంచి, తెర చాటు నుంచి వచ్చి మాతో కలిసేది. పగలంతా ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడలు వేసే మనిషే, చీకటిపడ్డాక మేం దగ్గరికెళితే అరిచేది. "తెర ఎత్తబాకండే! దోమ దూరిద్ది!" నాకు ఏడుపొచ్చేది. అమ్మకి ఒళ్ళు మండేది. "పిల్లల్ని దోమలకొదిలేసి తను తెరలో పడుకుంటుంది. ఎవరి ప్రాణం వాళ్ళకి తీపి" అని వంటింట్లో సణిగేది.

ఒక చలికాలం తమ్ముడికి జ్వరం వచ్చింది. వాడి ఒంటిమీద దోమలు ముసురుతుంటే అమ్మ విసిరి విసిరి చేతులు పడిపోయి, అత్తయ్య గదిలోకి వెళ్ళింది. "ఈ ఒక్కపూట ఆ తెర పిల్లాడికివ్వండి వదినా, మీకు దణ్ణం పెడతా."

"ఇవ్వలేనమ్మాయ్."

"కన్నబిడ్డయితే ఇట్లాగే అంటారా?" అనేసింది అమ్మ. అత్తయ్యకి పిల్లల్లేరు.

తెరలోపల్నించే అత్తయ్య మెల్లగా అంది. "ఈ తెర నా కోసం కాదమ్మాయ్. ఈ కాలు తెచ్చిన పురుగు నా రక్తంలో ఇంకా ఉందంట. చీకటిపడ్డాక నన్ను కుట్టిన దోమ రేపు పిల్లల్ని కుడితే, వాళ్ళకీ ఇదే కాలు రావచ్చని డాక్టరు చెప్పాడు. పిల్లలకైతే నాలుగు తెరలు కావాలి. నాకేస్తే ఒక్కటి చాలు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం వదినా?"

"చెప్తే నన్ను ఉండనిస్తారో లేదోనని. ఎక్కడికి పోను చెప్పు?"

అమ్మ తెర ఎత్తి లోపలికెళ్ళి ఆవిడని పట్టుకుని భోరుమంది. అత్తయ్యా ఏడుస్తూనే ఉంది, ఏడుస్తూనే "ముందు ఆ మూల దోపమ్మాయ్, దోమలొస్తాయి" అంటోంది. గుమ్మంలో నిలబడిన నాకు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది.

తమ్ముడి జ్వరం తగ్గింది. అమ్మ బట్ట కొనుక్కొస్తే మాకూ తెరలు కుట్టింది అత్తయ్య. ఆ రాత్రి విన్న మాటని అమ్మ గుమ్మం దాటనివ్వలేదు, జాకెట్లకొచ్చే ఆడవాళ్ళకి చివరిదాకా తెలియదు. అయినా అత్తయ్య తన పట్టు వదల్లేదు. సాయంత్రమయితే తెరలోకే. పాట అక్కణ్ణించే.

ఆ తర్వాత కొన్నేళ్ళకి, చలికాలంలోనే, గుండె ఆగి అత్తయ్య పోయింది. ముందుగదిలో చాప మీద పడుకోబెట్టారు. చర్చివాళ్ళు పాడుతున్నారు, పై స్వరం అందుకునేవాళ్ళు లేక పాట వెలితిగా ఉంది. దీపాలు పెట్టే వేళకి దోమలు లేచాయి. నాన్న ఏం తోచిందో, లోపలికెళ్ళి అత్తయ్య తెర తెచ్చాడు. అమ్మ అది అందుకుని, మడిచి, ఒళ్ళో పెట్టుకుంది.

"ఇక ఎందుకండీ" అంది.

మేం నలుగురం జరిగి అత్తయ్యని ఆనుకుని కూర్చున్నాం. దోమలు కుడుతున్నా ఎవరం లేవలేదు.

మా నలుగురి కాళ్ళూ ఈనాటికీ సన్నగానే ఉన్నాయి. అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం గానీ, దీపాలవేళ మా అత్తయ్య పక్కన తెర లేకుండా కూర్చోవడానికి కాలం మాకిచ్చింది ఆ ఒక్క సాయంత్రమే.