డాక్టరమ్మ బస్సులో ఊ కొట్టాలి

మొన్న గుడివాడలో బంధువుల పెళ్లికి వెళ్లాను. కల్యాణమండపం గోడ పక్కన మగపెళ్లివారి బస్సు ఆగి ఉంది. అసలు ఇంజన్ ఆపేశారు గానీ, ఏసీ కోసం విడిగా పెట్టిన చిన్న ఇంజన్ మాత్రం సన్నగా గుర్రుమంటూనే ఉంది. లోపలికి తొంగిచూద్దామని తలుపు తీసేసరికి చల్లగాలి మొహానికి తగిలింది. ఆ చప్పుడు, ఆ చల్లదనం కలిసి నన్ను కనకవల్లి డాక్టరమ్మ గారి దగ్గరికి తీసుకుపోయాయి.

తొంభైల చివర్లో బందరులో ఆవిడ దగ్గర నర్సుగా చేరాను. ఆవిడ కళ్ల డాక్టరు. ఒక పాత బస్సులో సీట్లు తీయించి, పల్లెల్లో కళ్లు చూడటానికి గదిలా చేయించుకున్నారు. బస్సు ఆగి ఉన్నా లోపల చల్లగా ఉండాలని చిన్న పెట్రోలు ఇంజన్‌తో ఏసీ పెట్టించారు. ఆ ఏసీ విషయంలో ఆవిడ చాదస్తం అంతా ఇంతా కాదు. బస్సు ఆరుబయటే ఆగాలి, పొగగొట్టం గాలి పోయే వైపుకే ఉండాలి, ముందుగా తలుపులన్నీ తీసి లోపలి వేడి పోగొట్టాలి. ఎండలోంచి వచ్చినవాళ్లు కాసేపు నీడన కూర్చుని, మజ్జిగ తాగాకే లోపలికి రావాలి. కిటికీ ఒకటి కొంచెం తెరిచే ఉంచేవారు. చల్లదనమంతా బయటికి పోతోందండీ అని నేను గొణిగితే, "పోతే పోనీ అమ్మాయ్. లోపలున్నది మనుషులు, ఐసులో పెట్టిన రొయ్యలు కాదు" అనేవారు.

కంట్లో చుక్కల మందు వేశాక చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చోవాలి. ఆ చల్లదనానికి పెద్దవాళ్లకు కునుకు పట్టేది. డాక్టరమ్మ పట్టనిచ్చేవారు కాదు. ఒకరి కళ్లు పరీక్షిస్తూనే మిగతావాళ్లకు కథ చెప్పేవారు. కళ్లజోడు కోసం బందరు బయల్దేరిన ఎండ్రకాయ కథ. అందరూ ఊ కొట్టాల్సిందే. పాపం, పడుకోనివ్వచ్చు కదండీ అన్నాను ఒకసారి. "నిద్రపోయిన మనిషీ స్పృహ తప్పిన మనిషీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటారు. ఊ కొడుతుంటే మనతో ఉన్నట్టు" అన్నారు. అప్పట్లో అది కూడా చాదస్తంలో జమకట్టి నవ్వుకున్నాను.

ఒక రోహిణి కార్తెలో దివిసీమలో సముద్రపు ఒడ్డు పల్లెకు వెళ్లాం. ఎండ నిప్పులు చెరుగుతోంది. పల్లె పెద్ద పోతురాజు గారు బస్సును తుఫాను షెల్టర్ కిందికి పెట్టించారు. కింద స్తంభాలే తప్ప గోడల్లేవు, గాలి బాగానే ఆడుతోంది. డాక్టరమ్మ చుట్టూ చూసి సరేనన్నారు. మేం లోపల పనిలో పడ్డాక, వడగాలి కొట్టకుండా తమ ఇళ్ల పంచలకు కట్టుకునే తడికలు తెచ్చి, ఆ పల్లెవాళ్లు స్తంభాల మధ్య చుట్టూ కట్టేశారు. మాకు చల్లగా ఉండాలని వాటిమీద నీళ్లు కూడా చల్లారు. లోపల వెలుతురు తగ్గితే మబ్బు పట్టిందనుకున్నాను. నా తల దిమ్మెక్కితే ఎండదెబ్బ అనుకున్నాను.

"ఎండ్రకాయ కళ్లజోడు పెట్టుకుని అద్దంలో చూసుకుందిట..."

పల్లెవాళ్లు ఊ అన్నారు. కానీ ఒక గొంతు తగ్గింది. అందరికంటే గట్టిగా ఊ కొట్టే మనిషి పోతురాజు గారి భార్య నాంచారమ్మ.

"నాంచారమ్మా?"

"ఇంజన్ ఆపండి! అందర్నీ బయటికి దింపండి!" అని డాక్టరమ్మ అరిచారు. ఆవిడ అరవగా నేను విన్నది అదొక్కసారే. తడికలు లాగేసి, నాంచారమ్మను మోసుకెళ్లి సముద్రపు గాలిలో ఇసుక మీద పడుకోబెట్టాం. ఆసుపత్రికి తీసుకెళ్లే జీపు వచ్చేలోగా డాక్టరమ్మ ఆమె చెంపలు తడుతూ అదే కథ చెబుతూనే ఉన్నారు. చాలాసేపటికి నాంచారమ్మ పెదాలు కదిలాయి. "ఊ" అంది. డాక్టరమ్మ ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను.

అవనిగడ్డ ఆసుపత్రిలో నాంచారమ్మ కోలుకుంది. బయట పోతురాజు గారు తల బాదుకుంటున్నారు. "నా చేతుల్తో నేనే కట్టానమ్మా ఆ తడికలు!"

"ప్రేమతో కట్టావయ్యా. ఆ ఇంజనూ పొయ్యిలాంటిదే, పొగ పోయే దారి మూస్తే తెలియకుండానే ప్రాణం తీస్తుందని ముందే చెప్పాల్సింది నేను" అన్నారు డాక్టరమ్మ. ఆ తర్వాత ఏ పల్లెకు వెళ్లినా ఆ మాట చెప్పాకే ఇంజన్ వేయించేవారు. తడికలు తెస్తే బయట ఎదురుచూసేవాళ్లకు పందిరి వేయించేవారు.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడంటే నాకు ప్రాణం. మనుషుల గురించి భయపడటం కూడా ప్రేమేనని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆ చాదస్తమంతా ఇప్పుడు నాది.

పెళ్లిబస్సు డ్రైవరును బతిమాలి, గోడ పక్కనుంచి ఆరుబయటికి తీయించాను. "ఏం కాదండీ, రోజూ పెట్టేదే" అని సణిగాడు గానీ తీశాడు. లోపల పిల్లలు ఆడుకుంటున్నారు. వెనక సీట్లో ఎవరో ముసలావిడ తల వాల్చి కళ్లు మూసుకుని ఉంది. పక్కన కూర్చుని, కొంచెం కిటికీ తెరిచాను.

"పిన్నిగారూ, అనగనగా ఒక ఎండ్రకాయ ఉండేదిట..."

ఎవరీ పిచ్చిమనిషి అనుకుందో ఏమో, కళ్లు తెరవకుండానే ఆవిడ "ఊ" అంది. నా గుండె కుదుటపడింది.