అత్తమ్మ ఇప్పచెట్టు, నా ఓర్వలేనితనం

మా తోడికోడలిని చూస్తే నాకు కడుపు మండేది. ఇప్పుడీ మాట చెప్పడానికి సిగ్గేమీ లేదు. ఆమె నాకు చెడు చేసింది ఎన్నడూ లేదు, అదే నా బాధ. అరవైల మొదట్లో నేను వరంగల్ ధాన్యం గంజ్ దగ్గరి ఇంటి నుంచి ములుగు అడవి అంచున ఉన్న ఊరికి చిన్నకోడలిగా వచ్చాను. ఎండలు ముదిరితే చాలు, ఆమె అడవిలోకి పోయి ఒడినిండా మొర్రిపండ్లు, తునికిపండ్లు తెచ్చేది. మోదుగాకులు తెచ్చి, నేను ఒక విస్తరి కుట్టేలోగా నాలుగు కుట్టి పడేసేది. నా విస్తరిలో పప్పు పోస్తే కిందికి కారేది. "గంజుల పుట్టిన పిల్ల, దానికేమెరుక పాపం" అని అత్తమ్మ నవ్వేది. ఆ నవ్వు వింటే ఒళ్లంతా కారం రాసినట్టుండేది.

అత్తమ్మకు మా మెట్ట చెలక గట్టున ఒక ఇప్పచెట్టు ఉండేది. మా ఇంట్లో ఆ చెట్టు ఆడవాళ్ల సొత్తు, మగవాళ్లు వేలు పెట్టరు. చెట్టు ఎవరిదైతే పువ్వు ఎండబెట్టేదీ, దాచేదీ, ఎవరికెన్ని ఇప్పపువ్వు లడ్డూలో చెప్పేదీ ఆమే. ఒక ఏడు అత్తమ్మకు మోకాళ్లు పట్టేశాయి. "ఇగ నాతోని కాదు. ఈసారి చెట్టు మీ ఇద్దర్ల ఒక్కదానికిస్త" అన్నది. ఇంకెవరికిస్తుంది? పెద్దకోడలి మొహంలో ధీమా కూడా లేదు, అడగకుండానే దొరికేవాళ్లకు ధీమా ఎందుకు? నాకు మాత్రం ఆ చెట్టు కావాలి. అది నాదైతేనే ఆ ఇంట్లో నేనూ ఒక మనిషిని.

పువ్వు రాలే ముందు చెట్టు కింద ఎండాకు ఊడ్చి కాల్చాలి. లేకపోతే రాలిన పువ్వు ఆకుల్లో కలిసిపోతుంది. ఏటా ఆ పని తోడికోడలిదే. ఈసారి ఆమెకంటే ముందు నేనే చేసి చూపించాలనుకున్నాను. ఒక పొద్దున ఆమె బర్రె పాలు పిండుతుండగా చీపురు, అగ్గిపెట్టె తీసుకొని పోయాను.

మా గంజ్ ఇంటి వాకిలి ఊడ్చినట్టే ఊడ్చాను. నాలుగు వైపుల ఆకూ నడుమకు తోసి, చెట్టు మొదలు దగ్గర నా నడుమంత ఎత్తు కుప్ప చేసి అంటించాను. అక్కడి ఆడవాళ్లు మొదలు నుంచి బయటికి ఊడుస్తారనీ, దూరంగా చిన్నచిన్న కుప్పలు కాలుస్తారనీ నాకేం తెలుసు? అడిగితే కదా తెలిసేది! ఆమెను అడగడం నాకు నామోషీ. మంట లేచి కింది కొమ్మలకు తగిలింది. అరిచాను, మట్టి చల్లాను, చేతులు కాల్చుకున్నాను. కొమ్మల చివర గుత్తులుగా ఉన్న మొగ్గ నా కళ్ల ముందే నల్లబడింది. మంట తగ్గాక చీపురు అక్కడే పారేసి ఇంటికి పరుగెత్తాను.

మధ్యాహ్నం అత్తమ్మ చెలకకు పోయి వచ్చింది. "ఎవలే నా చెట్టుకు అగ్గివెట్టింది? వాళ్ల చేతులిరగ!" అని వాకిట్లో నుంచే అరిచింది. నేను పొయ్యి ముందు చింతచిగురు పప్పు ఎనుపుతున్నాను. తల దించుకొని ఇంకా గట్టిగా ఎనిపాను. తోడికోడలు నా చేతులవైపు ఒకసారి చూసింది.

"నేనే అత్తమ్మా. గాలి దిరిగింది, మంట ఆగలే" అన్నది.

అత్తమ్మ ఆమెను తిట్టని తిట్టు లేదు. ఆఖరికి, "నీకంటె చిన్నదే నయం. చెట్టు దానికే" అన్నది. నా గుండె గంతేసిన మాట నిజం.

పెరట్లో తోడికోడలు నా చేతులకు కలబంద గుజ్జు రాసింది. "ఎందుకు గట్ల చెప్పినవక్కా?" అని అడిగాను.

"నిన్ను తిడితే మల్ల బస్సెక్కి తల్లిగారింటికి పోతవ్. నాకైతే అలవాటే. ఫికర్ జేయకు."

అంతకుముందు ఒకసారి అలా పోయాను కూడా. ఇక్కడ నా మనసు కరిగిందని రాస్తే బాగుంటుంది. కరగలేదు, ఇంకా మండింది. విస్తర్లలో ఆమెదే పైచేయి, అడవిలో ఆమెదే, ఆఖరికి మంచితనంలో కూడా ఆమెదేనా? చెట్టు కూడా ఆమె పెట్టిన భిక్షేనా? చేయి లాక్కొని నేరుగా అత్తమ్మ ముందుకు పోయాను.

"అక్క కాదు, నేనే కాలవెట్టిన. తిట్టేదుంటే నన్ను తిట్టు."

 నిజం చెప్పినందుకు అత్తమ్మ మెచ్చుకుంటుందేమోనని నిలబడ్డాను.

"నీ తప్పు మీదేసుకున్నది సూడు అది. చెట్టు పెద్దదానికే" అన్నది.

పై కొమ్మలు కాలలేదు. పది పదిహేను రోజులకు పువ్వు రాలడం మొదలైంది. "రా చెల్లె, ఇద్దరం ఏరుదాం" అని తోడికోడలు పిలిచింది. పోయాను. ఆమెకంటే ముందు నా గంప నిండాలని నడుము ఎత్తకుండా ఏరాను. నాదే ముందు నిండింది. ఎత్తుకొచ్చి ఆమె పువ్వు ఎండబెట్టే చాప మీదే పోశాను.