గోడ ముందా, నేల ముందా

2022 ఎండాకాలం. నర్సింహులపేట దగ్గర ఒక ఊళ్లో, సుజాతక్క ఇంటి బాత్రూంకు టైల్స్ వేసే పని ఒప్పుకున్నాను. అప్పటికే పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. గోడ ముందా, నేల ముందా అని ఎవరైనా అడిగితే నాకు నవ్వొచ్చేది. బాత్రూంలో గోడలే ముందు. కింది వరుస ఒక్కటి వదిలేసి రెండో వరుస నుంచి పైకి వెళ్తాం. తర్వాత నేల. దానికి స్లోప్, అంటే నీళ్లు జాలీ వైపు పోయేలా వాలు ఇచ్చి, వదిలిన వరుసను ఆ వాలుకు తగ్గట్టు కోసి కూర్చోబెడతాం. పైనుంచి సిమెంటు, పనిముట్లు పడి కొత్త నేల పాడవకూడదని ఈ పద్ధతి.

సోమవారం రెండు వరుసలు ఎక్కించాను. సాయంత్రం సుజాతక్క చాయ్ తెచ్చింది.

"అన్నా, శనివారం మా బాపును దవాఖాన నుంచి తోలుకొస్తున్నం. తుంటికి ఆపరేషన్ అయింది. వాకర్ పట్టుకొని గీ బాత్రూంలనే నడవాలె. గప్పటికి అయితదా?"

పాత బాత్రూం పెరట్లో ఉంది, మూడు మెట్లు దిగాలి. ఇంకోసారి పడితే లేవడం కష్టమని డాక్టర్ చెప్పాడట.

తాపీ పక్కన పెట్టేశాను. గోడలు అయ్యేసరికి గురువారం. శుక్రవారం నేల వేస్తే, మర్నాడే ఆ పచ్చి టైల్ మీద పెద్దాయన వాకర్ ఆనిస్తాడు. టైల్ కదిలితే మనిషి పడతాడు. పోనీ నేల ముందు వేద్దామంటే, గోడ పనంతా దాని మీద నిలబడే చేయాలి. తాపీ జారిపడినా టైల్ పగులుతుంది.

నాకు పని నేర్పిన ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. "గోడనేరా ముందు. నేను నేర్పింది మర్శిపోయినవా?" అని తిట్టాడు. టైల్స్ దుకాణాయన "నేల వెయ్యి, పరేషాన్ గాకు" అన్నాడు. తెలిసిన ఇంజినీర్ సారు "రెండూ కరెక్టే" అని ఫోన్ పెట్టేశాడు. దాంతో నాకున్న కాస్త తెలివీ పోయింది.

మంగళవారం పొద్దున సిమెంటు కలిపి నిలబడ్డాను. గోడను చూశాను, నేలను చూశాను. కలిపిందంతా గట్టిపడితే పారబోశాను.

"ఏందన్నా, గట్ల నిలబడ్డవ్?" అంది సుజాతక్క.

"ఏది ముందో సమజైతలేదక్కా."

"గిన్నేండ్ల సంది చేస్తున్నవ్ గదనే!"

సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి నేలే మొదలుపెట్టాను. ధైర్యంతో కాదు, శనివారానికి భయపడి. రాత్రికల్లా నేల అయింది. గట్టిపడాలని బుధ, గురువారాలు ఎవరినీ లోపల అడుగు పెట్టనివ్వలేదు. శుక్రవారం నేల మీద గోనె సంచులు, వాటి మీద చెక్క పలకలు పరిచి, కింది వరుస ముగించి పైకి వెళ్లాను.

శనివారం నేననుకున్న దానికంటే ముందే ఆటో వచ్చింది. పైన రెండు వరుసలు ఇంకా బోడిగానే ఉన్నాయి. గబగబా సంచులు తీసి నేల తుడిచాను. పెద్దాయన వాకర్ లోపల ఆనించాడు. నేను వంగి దాని కాళ్ల కిందే చూశాను. టైల్ కదల్లేదు.

"పైన ఇంక కాలే బాపూ, ఏమనుకోకు" అన్నాను.

ఆయన తల ఎత్తి చూసి, "పైనేమన్న నడుస్తనారా నేను? కాలు పెట్టేకాడ గట్టిగున్నది, సాలు" అన్నాడు.

తీసిన సంచులను ఆయన దారికి అడ్డం లేకుండా పక్కకు జరిపాను.

అప్పటి నుంచి ఏ ఇంట్లోనైనా కొలత టేపు తీయకముందే, ఇక్కడ మొదట కాలు పెట్టేదెవరు, ఎప్పుడు అని అడుగుతున్నాను. జవాబు విన్నాక కూడా ఏది ముందన్నది ప్రతిసారీ తికమకే. ఉస్తాద్‌కు మాత్రం ఆ రోజు నేల ముందు వేసిన సంగతి ఇప్పటికీ చెప్పలేదు.