మా అత్తయ్య చిన్నకోడలు

పోయిన వారం మా కోడలు ఆన్‌లైన్‌లో తెప్పించిన వస్తువొకటి వంటింటి అలమరకి బిగించి, దాని నల్లటి మెడని ఇటూ అటూ వంచి, చివరనున్న పట్టులో ఫోను ఇరికించి, సీరియల్ చూస్తూ గోరుచిక్కుళ్ళు తుంచడం మొదలుపెట్టింది. వంచినవైపు వంగి, వదిలితే ఉన్నచోటే నిలబడుతున్న ఆ మెడని చూడగానే నాకు నవ్వాగలేదు. ఏంటత్తయ్యా నవ్వుతున్నారు అని అడిగింది. ఏమని చెప్పను? ఇది మా ఇంట్లో ఎప్పుడో పుట్టిందని, దానికి పేరు కూడా పెట్టుకున్నామని, ఆ పేరు చిన్నకోడలని చెబితే పెద్దావిడకి మతి తప్పిందనుకోదూ? అందుకని ఆ అమ్మాయికి చెప్పాల్సింది ముందు మీకు చెబుతున్నాను. విరిగిన గొడుగు కనిపిస్తే దాంతో ఏం చేయొచ్చా అని చేతులు దురదపెట్టిన తరం మీదీ అయితే, నా సంబరం మీకు వేరే వివరించక్కర్లేదు.

నేను పుట్టింది ముసునూరులో, ముందు గదిలో సైకిల్ షాపు, వెనక గదుల్లో మేము ఉండే ఇంట్లో. అక్షరాలకన్నా ముందు దీనికి పంక్చరు వేయడం వచ్చిందని మా అమ్మ వచ్చినవాళ్ళందరి దగ్గరా వాపోయేది. మెట్టినిల్లు ఆగిరిపల్లి దారిలో, మామిడితోటల మధ్య, అంటుమొక్కలు కట్టి అమ్ముకునే ఇల్లు. మామగారు నేను కాపురానికి రాకముందే పోయారు. అంట్లు కట్టడం అత్తయ్య పని, వాటిని సైకిల్ వెనక బుట్టలో పెట్టుకుని చాట్రాయి దాకా తిరిగి అమ్ముకురావడం మావారి పని, ఇద్దరికీ వేళకి అన్నం పెట్టడం నా పని అని మొదటిరోజే తేల్చి చెప్పేశారు. సైకిల్ షాపు పిల్లకి ఇక్కడ చెయ్యడానికేముందిలే అని నేనూ సరిపెట్టుకున్నాను.

అంటు కట్టడమంటే ఏమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. నాటుమామిడి టెంకల్ని ఎండాకాలం చివర ఇసుకలో పాతితే తొలకరికల్లా రాగిరంగు ఆకులతో మొలకలు లేస్తాయి. ఆ మొలక తల తీసేసి, కాండాన్ని నిలువునా చీల్చి, చిన్నరసమో బంగినపల్లో మనకి కావలసిన చెట్టునుంచి తెచ్చిన పుల్లని రెండువైపులా పలచగా చెక్కి, ఆ చీలికలో దించి, ప్లాస్టిక్ రిబ్బనుతో చుట్టేయాలి. చుట్టేది కుడిచెయ్యే గానీ అసలు పనంతా ఎడమచేతిది. పుల్లా కాండమూ కలిసినచోటుని బొటనవేలూ చూపుడువేలూ కదలకుండా పట్టుకోవాలి, వెంట్రుకవాసి జరిగినా పుల్ల నల్లబడి చచ్చిపోతుంది. పైగా ఆకుల్లో రాగిరంగు ఉన్నంతకాలమే అదను. ఆకులు పచ్చబడ్డాయంటే కాండం ముదిరిపోయినట్టే, ఇక ఆ ఏడు పని అయిపోయినట్టే.

నేను కాపురానికొచ్చిన రెండో ఏడు ఎండల్లో అత్తయ్య నూతి దగ్గర నాచు మీద జారిపడింది. ఎడమ మణికట్టు విరిగింది. కట్టు కట్టించాం, ఎముకైతే అతుక్కుంది గానీ, కట్టు విప్పి చూస్తే ఆ చేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేశాయి. చెంబు ఎత్తగలిగేది, చీపురు పట్టగలిగేది, మొలకని మాత్రం పట్టుకోలేకపోయేది. తొలకరి పడింది, మొలకలు లేచాయి. పట్టుకోడానికి నేనున్నానుగా అని ఎదురుగా బాసిపట్టు వేసుక్కూర్చున్నాను. ఆవిడ రిబ్బను లాగేసరికి ఎక్కడ జారుతుందోనన్న భయంతో నేను ఇంకా బిగించేదాన్ని, లేత కాండం పుటుక్కుమనేది.

“మొక్కని పట్టుకోమన్నానే, దొంగని కాదు,” అని కసిరేది అత్తయ్య.

సరే కదా అని వదులుగా పడితే పుల్ల జారేది. విరిగిన మొలకలు ఒళ్ళో పోగుపడ్డాక ఆవిడ లేచి, అంటుకత్తి తుడిచి, పాతగుడ్డలో చుట్టి, ఎప్పటినుంచో దాన్ని అడుగుతున్న ఆగిరిపల్లి నర్సరీ ఆయనకి ఇచ్చెయ్యమని మావారి చేతిలో పెట్టింది. “కట్టేవాళ్ళ దగ్గరుండాలిరా కత్తి. నాకెందుకింక,” అంది, ఉప్పు అయిపోయింది తీసుకురా అన్నంత మామూలుగా. తిట్టకుండా మాట్లాడిన అత్తయ్యని నేనంతవరకూ చూడలేదు, అందుకే నాకు భయమేసింది. మావారు కత్తి తీసుకున్నారు గానీ, ఈ వారం ఆగిరిపల్లి వైపు పోవట్లేదంటూ తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో దాచారు. మా ఆయన మంచితనం ఎప్పుడూ ఇలా మూత కిందే ఉండేది. మొత్తానికి ఆ ఆకులు పచ్చబడేలోగా అత్తయ్యకి ఇంకో చెయ్యి మొలవాలి, లేకపోతే కత్తి పోతుంది, కత్తితోపాటు ఆవిడా పోతుందని నాకు గట్టిగా అనిపించింది.

అదిగో, అప్పుడు లేచింది నాలో సైకిల్ షాపు పిల్ల. చెయ్యి మొలవకపోతే చేసి పెడదాం అనుకున్నాను. ఆ ఆలోచన వచ్చిన క్షణం నుంచి నాకు అన్నం సయించలేదంటే నమ్మండి. ఇంట్లో ఏ వస్తువు చూసినా అది చెయ్యిగా పనికొస్తుందా, వేలుగా పనికొస్తుందా అనే చూసేదాన్ని. వేళ్ళ సంగతి తొందరగానే తేలింది. బట్టలారేసే చెక్క క్లిప్పు తీసుకుని, లోపలి పెదాలకి సైకిల్ ట్యూబు ముక్కలు అంటించి, స్ప్రింగుని కాస్త సాగదీస్తే లేత కాండాన్ని నలక్కుండా పట్టుకుంది. ఏడిపించింది చెయ్యే. ఇనుపచువ్వకి కట్టి చూశాను, వంగనే వంగదు, రిబ్బను లాగితే మొక్కే విరిగింది. గొడుగు ఊచలు వంగేవి గానీ, వదలగానే ఎగిరి పుల్లని కూడా పీక్కుపోయేవి. కట్టుడు వైరు మెలేసి చూస్తే అది క్లిప్పు బరువుకే తల వాల్చేసింది. వంచితే వంగాలి, వదిలితే నిలబడాలి, లాగితే కాస్త ఒదగాలి. అడిగినవి మూడే గుణాలు, మూడూ ఒకచోట దొరకడం ఎంత కష్టమో పెళ్ళిసంబంధాలు చూసినవాళ్ళకి వేరే చెప్పాలా?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అత్తయ్యకి జుట్టు ఎక్కువ, జారుజుట్టు, ముందు జడ అల్లుకుంటే తప్ప ముడి నిలిచేది కాదు. చెయ్యి విరిగినప్పటినుంచి పొద్దున్నే ఆవిడకి జడ వేయడం నా వంతైంది. మా ఇద్దరికీ అదొక ఇబ్బంది. అప్పటిదాకా ఒకరినొకరం ముట్టుకున్న పాపాన పోలేదు, ఆవిడ బిగుసుకుని కూర్చునేది, నేను ఊపిరి బిగపట్టి అల్లేదాన్ని. ఆరోజు జడ చివరికొచ్చి, రబ్బరుబ్యాండు కోసం వెతుక్కుంటూ జడని ఒకవైపు వంచి వదిలేశాను. చూద్దును కదా, అది వంచినచోటే ఉంది. విడి వెంట్రుకలు నిలవవు, మూడుపాయలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి గనక నిలిచింది. నా కళ్ళు దూలానికి వేలాడుతున్న సర్వీసు వైరు చుట్ట మీద పడ్డాయి. ఇంటికి కరెంటు లాగినప్పుడు మిగిలిన అల్యూమినియం తీగ అది. ముడి చుట్టకుండానే అత్తయ్యని అలా వదిలేసి పీట వేసుకుని ఎక్కాను. వెనకనుంచి ఆవిడ పిల్లకి దయ్యం పట్టిందని దేవుళ్ళకి చెప్పుకోవడం వినిపిస్తూనే ఉంది.

తీగని మూడుపాయలుగా తీసి జడ అల్లాను. వేళ్ళు బొబ్బలెక్కాయి, అయినా ఆగలేదు. ఆ జడ మీదికి సైకిల్ ట్యూబు తొడగబోతే దూరదు. మా పెళ్ళిలో మిగిలిన పౌడరు డబ్బా మొత్తం లోపల చల్లి, గుమ్మానికి కాలు తన్నిపెట్టి లాగితే జర్రున ఎక్కింది. నిలబెట్టడానికి బరువైన అడుగు కావాలి, అటక మీద పిడి ఊడిపోయిన బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉంది, పొగపోయే కంతలో జడ మొదలు దూర్చి రాళ్ళు దట్టించి, కొసకి ఆ చెక్క క్లిప్పు బిగించాను. వానాకాలం పందిరి కింద మసకగా ఉంటుంది కదా, అందుకని అలాంటి జడే ఇంకొకటి అల్లి, దాని కొసకి మావారి సైకిల్ ముందు లైటు బుడ్డిని బిగించి, వెదురుబొంగులో టార్చి సెల్లులు వరసగా పెట్టి వైర్లు కలిపాను. సాయంత్రం మావారు సంతకి బయల్దేరబోయి చూస్తే సైకిల్‌కి లైటు లేదు, దాచుకున్న స్పేరు ట్యూబు లేదు, గొడుగుకి ఊచలు అంతకుముందే పోయాయి. ఆయన కాసేపు సైకిల్‌నీ, కాసేపు నన్నూ చూసి, బెల్లయినా వదిలావు చాలు అని తడుస్తూ వెళ్ళారు.

మర్నాడు పొద్దున్నే దాన్ని పందిట్లో పీట మీద పెట్టి, బియ్యం డబ్బాలోంచి కత్తి తీసి పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి పోయాను. పోయానన్నమాటే గానీ కళ్ళు కిటికీలోనే ఉన్నాయి. అత్తయ్య వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగింది. మెడ పట్టుకుని వంచింది, వదిలింది, మళ్ళీ వంచింది. కత్తిని గుర్తుపట్టి ఇంటివైపు ఒకచూపు చూసింది. తర్వాత కూర్చుని ఒక మొలక తల తీసి, చీల్చి, క్లిప్పుకి అందించి, చిన్నరసం పుల్ల దించి రిబ్బను లాగింది. లాగినంతమేర ఆ చెయ్యి కాస్త ఒదిగి, వదలగానే మళ్ళీ తన చోటికి కుదురుకుంది. మొక్క విరగలేదు. నేను వంటింట్లో ఒక్కదాన్నే గంతులేశాను, పొయ్యి మీద పప్పు మాడిపోయింది, ఆ పప్పుకి ఆరోజు ఎవరూ ఏమీ అనలేదు.

సాయంత్రానికి పందిట్లో కొత్త అంట్లు బారులు తీరాయి. మబ్బు కమ్మితే, ఆ లైటు అంటించవే అని కేకేసింది. వెలుగు సరిగ్గా చీలిక మీద పడేలా మెడ వంచుకుని, ఆ వంచిన మెడని మెచ్చుకోలుగా తట్టి, “వంచితే వంగుద్ది, చెప్పినచోట ఉంటది, ఎదురు మాట్లాడదు. ఇదేనే నా చిన్నకోడలు,” అంది. అయితే రేపటినుంచి వంట కూడా దాన్నే చెయ్యమనండి అన్నాను. పడి నవ్వింది. కట్టు విప్పాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

కట్టడం ఒక ఎత్తు, అంటుకోవడం ఒక ఎత్తు. పొయ్యి రాజుకున్నా అంటుకుందంటాం, మొక్క బతికినా అంటుకుందంటాం, రెండింటికీ ఆ మాటే సరైనదని నాకా ఎదురుచూపుల్లో తెలిసింది. రోజూ లేవగానే ఇద్దరం పందిట్లోకే పరిగెత్తేవాళ్ళం. పుల్ల పచ్చగానే ఉండేది గానీ మొగ్గ విచ్చేది కాదు. కొన్ని నల్లబడ్డాయి. వాటిని చూసినప్పుడల్లా అత్తయ్య కత్తిని గుడ్డలో చుట్టి మళ్ళీ విప్పేది. ఒకరోజు జడ వేయించుకుంటూ వేయించుకుంటూ మధ్యలో లేచి వెళ్ళిపోయింది, సగం అల్లిన జడతో పందిట్లో నిలబడి నన్ను పేరుపెట్టి పిలిచింది. కాపురానికి వచ్చాక అప్పటిదాకా ఆవిడ నన్ను పేరుపెట్టి పిలవడం నేను వినలేదు. వెళ్ళి చూస్తే, మొదటిరోజు కట్టిన మొదటి అంటు కొసన గోరంత రాగిరంగు చిగురు విచ్చుకుని ఉంది. అంటుకుందే అంది, అంతే. ఆ మధ్యాహ్నానికి ఇంకా కొన్ని విచ్చాయి. కత్తి చుట్టిన గుడ్డని ఆవిడ పొయ్యి దగ్గర మసిగుడ్డ చేసేసింది.

చిన్నకోడలి పేరు ఊరంతా పాకింది. చిన్నకోడలు బాగుందాండీ అని కూలికొచ్చేవాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. దూరపు చుట్టం ఒకావిడ, ఉన్న ఒక్క కొడుక్కీ రెండోపెళ్ళి చేశారట, నాకు కబురైనా లేదంటూ అలిగి వస్తే, ఇస్త్రీపెట్టెని చూపించి కాఫీ ఇచ్చి పంపించాం. తర్వాత తర్వాత అత్తయ్య ఆ క్లిప్పుకి చేతి అద్దం పెట్టుకుని బొట్టు దిద్దుకునేది. దువ్వెన పెడితే దువ్వెననీ పట్టుకునేది అది. ఎడమచెయ్యి కూడా వాడగా వాడగా కొంత సాగింది, జడ తనే అల్లుకోగలిగేది, నేను లేనప్పుడు అల్లుకోవడం ఒకసారి కళ్ళారా చూశాను కూడా. అయినా పోయేదాకా రోజూ పొద్దున్నే దువ్వెన తెచ్చి నా ముందు కూర్చునేది. నేనూ ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు నర్సరీ లేదు. ఏటా తొలకరికి కావలసినవాళ్ళ కోసం ఒకటో రెండో అంట్లు కట్టి ఇస్తుంటాను, ఈ ఏడు నా వేళ్ళే వణకడం మొదలుపెట్టాయి. మా కోడలి ఫోను స్టాండు చూశాక పాత ఉత్సాహం పొంగుకొచ్చి, ఇది ఇవ్వమ్మా నీకో తమాషా చూపిస్తాను అని లాక్కొచ్చి మొలకని దాని పట్టులో పెట్టాను. ఆ పట్టు ఫోనుకి చేసింది, మొలకకి మరీ గట్టి. కాస్త సైకిల్ ట్యూబు ముక్క దొరికితే చాలుననుకుని ఇల్లంతా గాలించాను. సైకిలే లేదు. గొడుగు విరిగినరోజే చెత్తబండిలో పోయింది. ఇస్త్రీపెట్టె, జడలు, వెదురుబొంగు అన్నీ డాబా వేసిన ఏడే పాత ఇనప సామాన్ల బండెక్కాయి. అన్నీ ఉన్న ఇంట్లో పాడైపోయిన వస్తువంటూ ఒక్కటీ లేదు, పాడైనవి లేకపోతే ఇక దేంతో ఏం చేస్తాం? కొత్తవి కొనుక్కోవడం తేలికే గానీ, ఇల్లంతా వెతుక్కుంటూ పీటలెక్కిన ఆ సంబరం ఏ పెట్టెలోనూ పెట్టి పంపరు కదా.

నా అవస్థ చూసి మా కోడలే ఎదురుగా కూర్చుని మొలకని పట్టుకుంది. నేను రిబ్బను లాగేసరికి భయపడి బిగించింది. మొక్కని పట్టుకోమన్నానమ్మా, దొంగని కాదు అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది, నవ్వడంలో వేళ్ళు వదులయ్యాయి, అంటు చక్కగా కుదిరింది. వంటింటి కిటికీలో పెట్టాం, రోజూ లేవగానే వెళ్ళి చూసొచ్చి ఇంకా లేదత్తయ్యా అని చెబుతోంది.

అంట్లు కట్టడానికి వణుకుతున్నాయి గానీ నా చేతులు మిగతా పనులకి బాగానే ఉన్నాయి. జడ వేసుకోగలను. అయినా నిన్న పొద్దున దువ్వెన తీసుకుని వెళ్ళి మా కోడలి ముందు కూర్చున్నాను.